అప్‌డేట్ తర్వాత మూగబోయిన ల్యాప్‌టాప్

విండోస్ అప్‌డేట్ పూర్తయి ల్యాప్‌టాప్ మళ్లీ తెరుచుకున్నాక, తక్కినవన్నీ యథాప్రకారం పనిచేస్తూ సౌండ్ ఒక్కటే రాకపోవడం కంప్యూటర్ వాడేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు. అప్‌డేట్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, అంటే యంత్రభాగాలకూ వాటి మీద నడిచే అప్లికేషన్లకూ మధ్య నిలిచి రెంటినీ నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌లో, పాత ఫైళ్ల స్థానంలో కొత్తవి చేరడమే కనుక, దానివల్ల స్పీకర్ కాలిపోవడమో సౌండ్ చిప్ చెడిపోవడమో సాధారణంగా జరగదు. యంత్రం బాగానే ఉండి, దానికి ఆదేశాలు చేరే దారి మాత్రమే ఎక్కడో తెగి ఉంటుంది. ఆ తెగిన చోటును కనిపెట్టకముందే కనిపించిన బటన్లన్నీ నొక్కి, దొరికిన డ్రైవర్లన్నీ వేసి, విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీని మార్చి, చివరకు విండోస్‌నే తుడిచేసి కొత్తగా వేసుకునేవారు చాలామంది ఉన్నారు. చిన్న లోపాన్ని పెద్ద లోపంగా మార్చేది ఎక్కువసార్లు అప్‌డేట్ కాదు, ఆ తరువాత జరిగిన ఈ హడావిడే. అందువల్ల ఈ అధ్యాయం ముందు సౌండ్ నడిచే దారిని వివరించి, తరువాతనే మరమ్మతులోకి వెళుతుంది.

సౌండ్ నడిచే దారి

వీడియో ప్లేయర్ గానీ బ్రౌజర్ గానీ ఒక పాటను వినిపించాలనుకున్నప్పుడు, అది ఆ పాటను అంకెల వరుసగా మార్చి విండోస్ ఆడియో అనే సర్వీసుకు అందజేస్తుంది. సర్వీసు అంటే తెర మీద కనిపించకుండా వెనుక నిరంతరం నడిచే ప్రోగ్రామ్. దీనికి తోడుగా విండోస్ ఆడియో ఎండ్‌పాయింట్ బిల్డర్ అనే మరొక సర్వీసు స్పీకర్, హెడ్‌ఫోన్, హెచ్‌డీఎమ్‌ఐ తెర వంటి సౌండ్ బయటికి వచ్చే మార్గాలను గుర్తించి జాబితా తయారుచేస్తుంది, కాబట్టి ఇది ఆగిపోతే మొదటిదీ నిలబడదు. 2007 జనవరిలో వినియోగదారుల మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టాతో మైక్రోసాఫ్ట్ ఈ ఏర్పాటును దాదాపు పునాదుల నుంచి మార్చింది. ఒక్కొక్క అప్లికేషన్‌కు విడివిడిగా వాల్యూమ్ పెట్టుకునే సౌకర్యం ఆ మార్పుతోనే వచ్చింది. సర్వీసు వద్ద అన్ని అప్లికేషన్ల సౌండూ ఒకటిగా కలిశాక, బేస్ పెంచడం, గోల తగ్గించడం, చిన్న స్పీకర్లను పెద్దవాటిలా వినిపింపజేయడం వంటి మెరుగులు దిద్దే చిన్న ప్రోగ్రాముల గుండా అది ప్రవహిస్తుంది. వీటిని ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అంటారు. ఇవి చాలావరకు ల్యాప్‌టాప్ కంపెనీయో, ఆ కంపెనీ కోసం మరొక సంస్థో రాసినవి.

అక్కడి నుంచి ప్రవాహం డ్రైవర్‌కు చేరుతుంది. డ్రైవర్ అంటే ఫలానా చిప్‌తో ఫలానా విధంగా మాట్లాడాలని ఆపరేటింగ్ సిస్టమ్‌కు నేర్పే ప్రోగ్రామ్. అది అంకెలను కోడెక్‌కు, అంటే అంకెలను విద్యుత్ తరంగంగానూ తరంగాన్ని అంకెలుగానూ మార్చే చిప్‌కు అందిస్తే, ఆ తరంగం ఆంప్లిఫయర్ మీదుగా స్పీకర్‌ను కదిలిస్తుంది. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే కోడెక్ తైవాన్‌కు చెందిన రియల్‌టెక్ కంపెనీది. ఇంటెల్ 2004లో రూపొందించిన హై డెఫినిషన్ ఆడియో ప్రమాణం పుణ్యమా అని, ఏ కంపెనీ కోడెక్‌నైనా విండోస్ తన సొంత సాధారణ డ్రైవర్‌తో కనీసంగా పలికించగలిగే వీలు చాలాకాలం ఉండేది. ఇటీవలి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో అయితే ప్రాసెసర్‌కూ కోడెక్‌కూ నడుమ సౌండ్ పనికే ప్రత్యేకించిన మరొక చిన్న ప్రాసెసర్ చేరింది. దానిని నడిపే ఏర్పాటుకు ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ అని పేరు. ఇది విద్యుత్తు ఆదా చేస్తుంది, మైకులో గోలను వడకడుతుంది. అయితే దాని డ్రైవర్ దెబ్బతిన్న రోజున దాని వెనుక ఉన్న కోడెక్ విండోస్ కంటికే ఆనదు. అప్పుడు రియల్‌టెక్ డ్రైవర్‌ను ఎన్నిసార్లు వేసినా ఫలితం ఉండదు. ఈ సంగతి తెలియక గంటల కొద్దీ సమయం పోగొట్టుకునేవారు ఎందరో ఉన్నారు కనుక ఇక్కడ నొక్కి చెప్పవలసి వస్తోంది.

కాలువ చివరి ఆయకట్టుకు నీరు అందనప్పుడు అనుభవం ఉన్న రైతు పొలంలో బోరు తవ్వించడానికి పూనుకోడు. ఏ తూము దాకా నీరు వచ్చిందో, ఎక్కడి నుంచి రావడం లేదో గట్టు వెంట నడిచి చూస్తాడు. సౌండ్ విషయంలోనూ పని ఆ విధంగానే సాగాలి.

అప్‌డేట్ దెబ్బ ఎక్కడ తగులుతుంది

విండోస్‌కు ప్రతి నెలా రెండో మంగళవారం వచ్చే భద్రతా అప్‌డేట్లు, ఏడాదికి ఒకసారి వచ్చే పెద్ద వెర్షన్ అప్‌డేట్లు, వీటికి తోడు విండోస్ అప్‌డేట్ ద్వారానే చేరే డ్రైవర్లు అని మూడు రకాల మార్పులు వస్తాయి. మూడూ ఒకే రాత్రి దిగవచ్చు గనుక, దేనివల్ల సౌండ్ పోయిందో తేల్చుకోవడానికి సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో అప్‌డేట్ హిస్టరీని తెరిచి చూడడం మొదటి పని. డ్రైవర్ అప్‌డేట్స్ అనే శీర్షిక కింద రియల్‌టెక్ పేరో ఇంటెల్ పేరో ఆనాటి తేదీతో కనిపిస్తే అనుమానం అటువైపు మళ్లుతుంది.

గత కొన్నేళ్లలో నమోదైన మూడు ఉదంతాలు ఈ దారిలోని మూడు వేర్వేరు చోట్లను చూపిస్తాయి. 2018 అక్టోబరులో ఇంటెల్ ఆడియో డ్రైవర్ ఒకటి, 9.21.00.3755 అనే వెర్షన్, విండోస్ అప్‌డేట్ ద్వారా పొరపాటున చాలా విండోస్ 10 కంప్యూటర్లకు చేరి వాటిని మూగవి చేసింది. ఆ డ్రైవర్‌ను తొలగించడానికే మైక్రోసాఫ్ట్ కేబీ 4468550 అనే మరొక అప్‌డేట్‌ను పంపవలసి వచ్చింది. 2024 డిసెంబరులో బయటపడిన రెండో ఉదంతంలో డ్రైవర్ కాక మెరుగులు దిద్దే పొర అడ్డుపడింది: డిరాక్ అనే సంస్థ సౌండ్ సాఫ్ట్‌వేర్ ఉన్న కొన్ని యంత్రాలలో విండోస్ 11లోని 24హెచ్2 వెర్షన్ వేసుకున్నాక లోపలి స్పీకర్లే కాక బ్లూటూత్ స్పీకర్లు, హెడ్‌సెట్‌లు కూడా పలకలేదు. అటువంటి యంత్రాలకు ఆ వెర్షన్ చేరకుండా మైక్రోసాఫ్ట్ అడ్డుకట్ట వేసి, కొత్త డ్రైవర్ సిద్ధమయ్యేవరకు దానిని ఎత్తలేదు. మూడవది 2025 జనవరి 14నాటి భద్రతా అప్‌డేట్. దాని తరువాత పాత యూఎస్‌బీ 1.0 ఆడియో పద్ధతిలో నడిచే బయటి సౌండ్ పరికరాలు కొన్ని పనిచేయక, డివైజ్ మేనేజర్‌లో కోడ్ 10 అనే లోపం చూపాయి. ల్యాప్‌టాప్ లోపలి స్పీకర్లకు మాత్రం దానితో సంబంధం లేదు. మొదటిదానిలో డ్రైవర్ మార్చడం, రెండవదానిలో ఎదురుచూడడం, మూడవదానిలో ఆ బయటి పరికరాన్ని పక్కనబెట్టి హెడ్‌ఫోన్‌నో స్పీకర్‌నో నేరుగా ల్యాప్‌టాప్‌కు కలపడమో తదుపరి అప్‌డేట్ వేసుకోవడమో సరైన మందు. లక్షణం ఒకటే, మందు మాత్రం వేరు.

మొదటి పావుగంటలో గమనించవలసినవి

అన్నిటికంటే ముందు ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేయాలి. షట్ డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దానికి సమానం కాదు. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం, షట్ డౌన్ చేసినప్పుడు సిస్టమ్ లోపలి స్థితిని, అందులో డ్రైవర్ల స్థితిని కూడా, డిస్కు మీద దాచి, మళ్లీ ఆన్ చేసినప్పుడు దానినే తిరిగి తెస్తుంది. కనుక తప్పు స్థితిలో చిక్కుకున్న డ్రైవర్ అదే తప్పుతో మళ్లీ మేలుకుంటుంది. రీస్టార్ట్ మాత్రమే అన్నిటినీ మొదటినుంచి లోడ్ చేస్తుంది. అప్‌డేట్ తరువాత ఒకసారికి మించి రీస్టార్ట్ అడిగే సందర్భాలూ ఉన్నాయి గనుక, విండోస్ అప్‌డేట్ పేజీలో ఇంకా పెండింగ్ ఏమైనా మిగిలిందేమో చూసి దానిని పూర్తిచేయనివ్వాలి.

అప్పటికీ సౌండ్ రాకపోతే, ఏదో ఒక పాటను ప్లే చేసి, అది నడుస్తూ ఉండగానే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్ పేజీ తెరిచి అవుట్‌పుట్ పరికరాల జాబితాను పరిశీలించాలి. ఈ పేజీని శ్రద్ధగా చదవగలిగితే సగం రోగనిర్ధారణ అయినట్టే. జాబితాలో ఏ పరికరమూ లేకుండా, అవుట్‌పుట్ పరికరం ఏదీ కనబడలేదన్న సందేశం ఉంటే, తెగినది డ్రైవర్ వద్ద లేదా సర్వీసు వద్ద. పరికరం పేరు ఉండి, పాట నడుస్తున్నంతసేపూ దాని పక్కన లేదా వాల్యూమ్ మిక్సర్‌లో స్థాయిని చూపే గీత ఎగిసిపడుతూ ఉంటే, అప్లికేషన్ నుంచి విండోస్ దాకా అంతా సవ్యంగా ఉందనీ, సౌండ్ మరో ద్వారం గుండా పోతోందనీ లేదా అంతకు కిందనున్న పొరలో ఆగిందనీ అర్థం. పేరు ఉండి గీత మాత్రం చలించకపోతే ఆ అప్లికేషన్‌నో, వాల్యూమ్ మిక్సర్‌లో దానికి విడిగా పెట్టిన వాల్యూమ్‌నో అనుమానించాలి.

మరో ద్వారం గుండా పోవడం అనుకున్నదానికన్నా ఎక్కువగా జరుగుతుంది. హెచ్‌డీఎమ్‌ఐ తీగతో మానిటర్ లేదా టీవీ కలిపి ఉన్న ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తగా చేరితే, విండోస్ ఆ తెరనే ప్రధాన స్పీకర్‌గా ఎంచుకోవచ్చు; ఆ తెరకు స్పీకర్లే లేకపోతే సౌండ్ పోయినట్టు అనిపిస్తుంది. జాబితాలో స్పీకర్స్ అనేదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. పరికరం మీద నొక్కి లోపలికి వెళితే దానిని వాడుకోవడానికి అనుమతి ఉందో లేదో తెలిపే అలౌ బటన్, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అనే ఎంపిక కూడా కనిపిస్తాయి. ఆ ఎంపికను ఆఫ్ చేసిన వెంటనే సౌండ్ వస్తే, మెరుగులు దిద్దే పొరలోనే లోపమని తేలినట్టు, ఇక డ్రైవర్‌ను కదిలించవలసిన పని లేదు.

సర్వీసుల పరీక్ష చిన్నది. స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని వెతికి తెరిచి, విండోస్ ఆడియో, విండోస్ ఆడియో ఎండ్‌పాయింట్ బిల్డర్ రెండూ రన్నింగ్ స్థితిలో, ఆటోమేటిక్‌గా మొదలయ్యేలా ఉన్నాయో లేదో చూసి, లేకపోతే రెండింటినీ రీస్టార్ట్ చేయాలి.

డ్రైవర్ వద్ద చేయవలసిన పని

స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేస్తే వచ్చే జాబితాలో డివైజ్ మేనేజర్ ఉంటుంది. అందులో సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్ అనే విభాగాన్ని తెరిస్తే రియల్‌టెక్ లేదా ల్యాప్‌టాప్‌లో ఉన్న మరో కోడెక్ పేరు ఉండాలి. దాని మీద పసుపు రంగు త్రికోణం ఉంటే, రెండుసార్లు నొక్కి తెరిచినప్పుడు వచ్చే చిన్న కిటికీలో లోపం సంఖ్య కనిపిస్తుంది. కోడ్ 28 అంటే డ్రైవర్ అసలు లేదు; కోడ్ 39 అంటే డ్రైవర్ ఫైలు చెడిపోయింది లేదా కనబడలేదు; కోడ్ 10 అంటే డ్రైవర్ ఉన్నా పరికరం మొదలుకాలేదు; కోడ్ 52 అంటే డ్రైవర్ మీద ఉండవలసిన డిజిటల్ సంతకాన్ని విండోస్ ధ్రువీకరించలేకపోయింది. కోడెక్ పేరే లేకపోతే సిస్టమ్ డివైజెస్ విభాగంలోకి వెళ్లి, ఇంటెల్ స్మార్ట్ సౌండ్ అన్న పేరుతో ఉన్న వాటి మీద త్రికోణం ఉందేమో చూడాలి. ఇంతకుముందు చెప్పిన నడిమి ప్రాసెసర్ లోపం బయటపడేది ఇక్కడే.

అప్‌డేట్ హిస్టరీలో కొత్త సౌండ్ డ్రైవర్ వచ్చినట్టు ఉంటే, అదే కిటికీలోని డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ అనే బటన్ నొక్కి పాతదానికి వెళ్లడం అన్నిటికంటే సులువైన, ప్రమాదం లేని మార్గం. బటన్ మసకగా ఉంటే విండోస్ వద్ద పాత ప్రతి లేదని అర్థం. అప్పుడు ల్యాప్‌టాప్ అడుగున ముద్రించిన మోడల్ సంఖ్యను చూసి, ఆ కంపెనీ అధికారిక వెబ్‌సైట్ సపోర్ట్ పేజీ నుంచి అదే మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్‌ను దించుకోవాలి. రియల్‌టెక్ డ్రైవర్ ఏ వెబ్‌సైట్‌లో దొరికినా ఒకటే అనుకోవడం పొరపాటు: ఒకే కోడెక్‌ను ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క విధంగా తీగలకు కలుపుతుంది, కోడెక్‌లోని ఏ పిన్ స్పీకర్‌కు, ఏది హెడ్‌ఫోన్ జాక్‌కు అన్న వివరం ఆ మోడల్ డ్రైవర్‌లోనే ఉండవచ్చు. ఇంటెల్ స్మార్ట్ సౌండ్ డ్రైవర్, ఆడియో డ్రైవర్ రెండూ విడివిడిగా ఇచ్చి ఉంటే మొదటిదాన్ని ముందు వేసి, రీస్టార్ట్ చేసి, తరువాత రెండవదాన్ని వేయడం క్షేమం.

కొత్త డ్రైవర్ చేతికి వచ్చేదాకా తాత్కాలికంగా గడుపుకోవడానికి, అప్‌డేట్ డ్రైవర్ ఎంపికలో కంప్యూటర్‌లో ఉన్న జాబితా నుంచే ఎంచుకునే మార్గాన్ని పట్టుకుని హై డెఫినిషన్ ఆడియో డివైజ్ అన్న మైక్రోసాఫ్ట్ సాధారణ డ్రైవర్‌ను వేసి చూడవచ్చు. స్మార్ట్ సౌండ్ లేని పాత ల్యాప్‌టాప్‌లలో ఇది బాగా పనిచేస్తుంది. నాణ్యత కొంత తగ్గినా మాట వినిపిస్తుంది.

ఒక్క క్లిక్‌తో డ్రైవర్లన్నీ సరిచేస్తామని ప్రకటించే ప్రోగ్రాములను మాత్రం దరిచేరనివ్వకూడదు. అవి మోడల్‌కు సరిపడని డ్రైవర్లను తెచ్చిపెడతాయి, కొన్ని వాటితోపాటు అక్కరలేని ప్రోగ్రాములనూ చేరుస్తాయి. సౌండ్ రావడం లేదని ఇంటర్నెట్‌లో వెతికినప్పుడు ఎదురయ్యే హెల్ప్‌లైన్ నంబర్లకు ఫోన్ చేసి, అవతలివారు చెప్పిన రిమోట్ యాప్ వేసుకుని బ్యాంకు ఖాతా ఖాళీ చేసుకున్నవారి గురించి పత్రికలలో చదువుతూనే ఉన్నాము. అటువంటిది జరిగితే భారతదేశంలో 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

డ్రైవర్‌తో పని జరగనప్పుడు అప్‌డేట్‌నే వెనక్కి తీసుకోవడం మిగులుతుంది. నెలవారీ అప్‌డేట్‌ను అప్‌డేట్ హిస్టరీలోని అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ నుంచి తొలగించవచ్చు. పెద్ద వెర్షన్ అప్‌డేట్ అయితే సెట్టింగ్స్‌లోని రికవరీ పేజీలో గో బ్యాక్ అనే అవకాశం మామూలుగా 10 రోజులు మాత్రమే ఉంటుంది, ఆ గడువులోగా పాత ఫైళ్లు ఉన్న విండోస్ ఓల్డ్ ఫోల్డర్‌ను తొలగించకూడదు. వెనక్కి వెళ్లేముందు ఫైళ్లకు బ్యాకప్ తీసుకోవడం, డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీని రాసి పెట్టుకోవడం తప్పనిసరి. భద్రతా అప్‌డేట్ లేకుండా యంత్రాన్ని ఎక్కువకాలం ఉంచడం మంచిది కాదు గనుక, దీనిని ఆఖరి మార్గంగానే చూడాలి.

చూపు లేనివారి విషయం

చూపు ఉన్నవారికి సౌండ్ పోవడం ఇబ్బంది. చూపు లేనివారికి అది కంప్యూటర్ మొత్తం పోవడమే. ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్, అంటే తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రామ్, పైన వివరించిన దారి గుండానే పలుకుతుంది; విండోస్‌లోనే ఉన్న నెరేటర్ కూడా అంతే. కనుక దారి తెగిన క్షణాన మరమ్మతు సూచనలు చదివే గొంతు సైతం ఆగిపోతుంది, ఇంతవరకు చెప్పిన పరీక్షల్లో చాలావాటిని వారు స్వయంగా చేసుకోవడం కష్టం. కంప్యూటర్ పుస్తకాలు ఈ సంగతిని పట్టించుకోకపోవడం విచారకరం. దీనికి మార్గం ముందుచూపులోనే ఉంది. చిన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ గానీ యూఎస్‌బీ హెడ్‌సెట్ గానీ బల్ల సొరుగులో ఉంచుకోవాలి. అందులో సొంత కోడెక్ ఉంటుంది, చాలావాటిని విండోస్ తనలో ఉన్న డ్రైవర్‌తోనే నడుపుతుంది, ల్యాప్‌టాప్ లోపలి రియల్‌టెక్, స్మార్ట్ సౌండ్ రెండూ చచ్చుబడినా దాని దారి వేరు. 2025 జనవరి ఉదంతంలో మాదిరిగా ఆ దారి తెగిన రోజున లోపలి స్పీకర్లు పలుకుతాయి. రెండు దారులూ ఒకేసారి తెగడం అరుదు. ఈ అడాప్టర్ చూపు ఉన్నవారికి కూడా మంచి పరీక్షా సాధనమే: దానిలో సౌండ్ వస్తే విండోస్ సర్వీసులు బాగున్నాయనీ, లోపం లోపలి డ్రైవర్ లేదా చిప్ పరిధిలో ఉందనీ తేలుతుంది.

రిపేరు షాపుకు వెళ్లేముందు

ఇంత చేసినా ఫలితం లేకపోతే, యంత్రభాగమే చెడిందా అన్నది తేల్చడానికి ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అనే ఎంపికతో ల్యాప్‌టాప్‌ను దాని నుంచి నడిపి, ఒక పాట వినిపించి చూడాలి. అక్కడ సౌండ్ వస్తే స్పీకర్, కోడెక్, తీగలు అన్నీ క్షేమంగా ఉన్నట్టే, లోపం విండోస్ వైపునే. రాకపోతే మాత్రం వెంటనే యంత్రాన్ని తప్పుపట్టకూడదు. కొత్త ల్యాప్‌టాప్‌లకు లినక్స్‌లోనూ ప్రత్యేక ఫర్మ్‌వేర్, అంటే చిప్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్, కావలసి వస్తుంది, అది లేనప్పుడు ఉబుంటు సౌండ్ సెట్టింగ్స్‌లో డమ్మీ అవుట్‌పుట్ అని చూపిస్తుంది. స్పీకర్ పేరు స్పష్టంగా కనిపిస్తూ, హెడ్‌ఫోన్ పెడితే పలికి, స్పీకర్ మాత్రం పలకకపోతేనే స్పీకర్‌నో దాని తీగనో అనుమానించాలి. ఉబుంటునే రోజూ వాడేవారికి కెర్నెల్, అంటే ఆ వ్యవస్థ మూలభాగం, అప్‌డేట్ అయిన తరువాత సౌండ్ పోతే, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ద్వారా పాత కెర్నెల్‌తో తెరిచి చూసే సౌలభ్యం ఉంది; పాతదానిలో పలికితే దోషి ఎవరో తెలిసిపోయినట్టే.

ప్రతి అడుగులోనూ ఒకసారి ఒక్క మార్పే చేసి, ఫలితం చూసి, కాగితం మీద రాసుకుంటూ పోవాలి. షాపుకు వెళ్లవలసి వస్తే ఆ కాగితాన్ని టెక్నీషియన్ చేతికివ్వాలి. అందులో ల్యాప్‌టాప్ మోడల్, విండోస్ వెర్షన్, సౌండ్ పోయిన తేదీ, ఆనాడు దిగిన అప్‌డేట్ సంఖ్యలు, డివైజ్ మేనేజర్ చూపిన కోడ్, యూఎస్‌బీ అడాప్టర్‌తోనూ పెన్‌డ్రైవ్ ఉబుంటుతోనూ జరిగిన పరీక్షల ఫలితం ఉండాలి. పెన్‌డ్రైవ్ ఉబుంటులో స్పీకర్లు పలికిన ల్యాప్‌టాప్‌కు స్పీకర్ గానీ మదర్‌బోర్డు గానీ మార్చాలని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.